చెవి డాక్టర్ల విమానం వెళ్లిపోయాక ఆ చెవిని చూసేదెవరు?

ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ అంటే విస్తీర్ణం పదమూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైనే, జనం చూస్తే రెండున్నర లక్షలు. అక్కడి మారుమూల ఆదివాసీ ఊళ్లకి 2007 నుంచి కేంద్రం డబ్బుతో ఆడియాలజిస్టులు (వినికిడి పరీక్షించే నిపుణులు), నర్సులు, ఈఎన్‌టీ డాక్టర్లు వెళ్లి పిల్లల చెవులు చూస్తున్నారు, వానాకాలం రోడ్లు మునిగితే చాలా ఊళ్లకి చిన్న విమానమే దిక్కు. మంచి పనే, కాదనను. కానీ జబ్బు మాత్రం పోవట్లేదు.

2001లో 29 ఊళ్లలో ఆరు నెలల నుంచి రెండున్నరేళ్ల పిల్లల్ని పరీక్షిస్తే 91 శాతం మందికి ఏదో ఒక రకం మధ్యచెవి జబ్బు ఉంది. వారాల తరబడి ఆగకుండా చెవి కారే పిల్లలు 4 శాతం దాటితేనే పెద్ద ప్రజారోగ్య సమస్య అంటుంది డబ్ల్యూహెచ్‌ఓ, అక్కడ దానికి మూడు రెట్ల పైనే ఉన్నారు. ఇరుకు ఇళ్లలో ఒక్కో గదిలో బోలెడుమంది ఉంటే పుట్టిన కొన్ని వారాలకే క్రిములు పసిబిడ్డ ముక్కులో చేరిపోతాయి, అక్కడి నుంచి చెవిలోకి పాకుతాయి, పైగా చాలాసార్లు నొప్పే ఉండదు, పిల్లాడు ఏడవడు, కాబట్టి అమ్మకి తెలీదు. తర్వాత బడికెళ్తే ఇంట్లో వార్ల్‌పిరి లాంటి ఆదివాసీ భాష, క్లాసులో ఇంగ్లీషు, అదీ సగమే వినపడుతుంది, టీచరేమో మొండివాడు అనుకుంటారు. 2012లో అక్కడి జైళ్లలో పరీక్షించిన ఆదివాసీ ఖైదీల్లో 90 శాతం పైగా మందికి వినికిడి లోపం బయటపడిందంటే ఆశ్చర్యమేముంది?

కారే చెవికి వైద్యం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, టిష్యూ పేపర్ మెలిపెట్టి చీము తుడిచి చుక్కలు వెయ్యాలి, కాకపోతే రోజుకి చాలాసార్లు, వారాల తరబడి. రెండ్రోజులుండి వెళ్లిపోయే టీము అది ఎట్లా చేస్తుంది? అందుకే అక్కడి రాజధాని డార్విన్‌లో ఉన్న మెంజీస్ ఆరోగ్య పరిశోధన సంస్థ ఊరివాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి చెవి సంరక్షణ పనిలో పెట్టడం నాకు సరైన దారి అనిపిస్తుంది, వాళ్లకి భాష తెలుసు, పిల్లాడు ఈ వారం ఏ చుట్టాలింట్లో ఉన్నాడో కూడా తెలుసు. అయితే ఈ ఉద్యోగాలు గ్రాంటు మీద నడిస్తే గ్రాంటు అవగానే మనిషి పోతాడు. పర్మనెంట్ జీతం లేకుండా ఊరి ఆరోగ్యం మోయించడం ఎట్లా ఉంటుందో మన ఆశా వర్కర్లని అడిగితే చెప్తారు.

కర్ణభేరికి చిల్లు పూడ్చడానికి సర్జన్ కావాల్సిందే, సరే. కానీ ఎన్ని ట్రిప్పులు, ఎంతమందికి పరీక్షలు అనే లెక్కతో ఆగిపోతే కుదరదు, పరీక్షలో తేడా కనిపించిన పిల్లల్లో ఎంతమందికి టైముకి మళ్లీ చూపించారు, ఎంతమంది చెవి ఆరింది అనేది ఊరివారీగా బయటపెట్టాలి. ఆ ఇరుకు తగ్గేలా ఇళ్లు కట్టే బడ్జెట్‌ని కూడా ఆ లెక్క పక్కనే పెట్టి చూడాలి.