ఆ మాత్ర రాసిన రోజే పొక్కుల సంగతి కూడా చెప్పాలి

మా పెద్దమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. బీడీ, సిగరెట్ ముట్టిన మనిషి కాదు. క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకునే గెఫిటినిబ్ రోజుకో మాత్ర రాశారు. రెండో వారానికల్లా ముక్కు పక్కన, గడ్డం మీద, ఛాతీ మీద ఎర్రటి పొక్కులు లేచాయి. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద చీము మరకలు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఒంటికి వేడి చేసింది" అన్నారు. వేపాకు నూరి పట్టించారు. మందుల షాపులో మొటిమల క్రీము ఇస్తే, అది రాశాక చర్మం ఎండిపోయి పగిలింది. చివరికి ఆవిడ ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసింది. తొమ్మిది రోజులు! స్ట్రిప్‌లో మిగిలినవి లెక్కపెట్టాక గానీ మాకు తెలియలేదు.

మందు రాసినచోట ఒక్కరంటే ఒక్కరు కూడా ఇలా అవుతుందని చెప్పలేదు. అదే నా బాధ. ఇదేం అరుదైన సంగతి కాదు. ఈ రకం మందులు వాడేవాళ్లలో చాలామందికి వచ్చేదే.

ఈ పొక్కులు ఎందుకొస్తాయో తెలియాలంటే ఈజీఎఫ్ సంగతి తెలియాలి. కణాలను పెరగమని చెప్పే ఈ ప్రోటీన్‌ను, అంటే గ్రోత్ ఫ్యాక్టర్‌ను, స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. దాన్ని ఎక్కించిన ఎలుక పిల్లలు రోజుల ముందే కళ్లు తెరిచాయి. 1986లో ఆయనకు నోబెల్ వచ్చింది. పేరులోనే గ్రోత్ ఉంది కాబట్టి అది పెంచడానికే అనుకుంటాం. కానీ చర్మం పైపొరలోని కెరటినోసైట్ కణాల్లో అది ఇన్‌ఫ్లమేషన్‌కు (ఎర్రబడి వాచడానికి) కళ్లెం కూడా వేస్తుంది. క్యాన్సర్ కణంలో ఈ మాత్ర మూసే ఈజీఎఫ్ఆర్ రిసెప్టరే (ఈజీఎఫ్ వచ్చి అతుక్కునే చోటు) చర్మ కణాల మీదా ఉంటుంది. అది మూసుకుపోగానే ఆ కణాలు సీసీఎల్2, సీసీఎల్5, సీఎక్స్‌సీఎల్10 అనే కీమోకైన్లను (పిలుపు పంపే ప్రోటీన్లను) ఎక్కువగా వదిలి తెల్లరక్తకణాలను పిలుస్తాయి. ఇంకో కీమోకైన్ ఐఎల్8 మాత్రం తగ్గుతుంది. ఒకే సంకేతం ఒకదాన్ని ఎగదోస్తూ ఇంకోదాన్ని తొక్కిపెడుతోందన్నమాట! నాకైతే ఇది చదివినప్పుడు ఆశ్చర్యమేసింది. పైగా చర్మంలో సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) కూడా తగ్గి, బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది.

మొటిమల్లా కనిపించినా ఇవి మొటిమలు కావు. వీటిలో బ్లాక్‌హెడ్స్ ఉండవు. మొటిమల క్రీము పనిచేయకపోగా మంట ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థమైంది.

తర్వాత ఇంకో డాక్టరమ్మ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, మాయిశ్చరైజర్, తేలికపాటి స్టెరాయిడ్ క్రీము రాసి, ఎండలోకి వెళ్లొద్దన్నారు. డాక్సీసైక్లిన్ బ్యాక్టీరియాతో పాటు ఇన్‌ఫ్లమేషన్‌నూ తగ్గిస్తుందట. పెద్దమ్మ మళ్లీ మాత్ర మొదలుపెట్టింది.

గెఫిటినిబ్, అదే రకానికి చెందిన ఎర్లోటినిబ్ ఇచ్చే ప్రతిచోటా తెలుగులో ఒక అర కాగితం చేతిలో పెట్టండి. పొక్కులు ఎప్పుడు వస్తాయి, ఏం రాసుకోవాలి, ఏం రాసుకోకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి. మీ ఇంట్లో ఎవరైనా ఇవి వాడుతుంటే, మాత్ర సొంతంగా ఆపనివ్వకండి. ముందు డాక్టర్‌కు ముఖం చూపించండి.