పేదలు రాకూడదని కట్టిన ఇళ్లు

ఇంగ్లండ్‌లో ఒక ఆర్కిటెక్టుకు జరుగుతున్న అవమానాన్ని ఎవరూ ఖండించడం లేదు కాబట్టి ఆ పని నేనే నెత్తిన వేసుకుంటున్నాను. ఆయన పేరు శాంప్సన్ కెంప్‌థార్న్. 1834లో పేదల చట్టం మారాక, దిక్కులేనివాళ్లను ఉంచే వర్క్‌హౌస్‌లకు నమూనా ప్లాన్లు గీసింది ఆయనే. ఆశయం ఒక్కటే: లోపలి బతుకు బయటి నిరుపేద కూలీ బతుకు కంటే అధ్వానంగా ఉండాలి. ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరూ ఆ గడప తొక్కకూడదు.

ప్లాన్ చూస్తే ముచ్చటేస్తుంది. ప్లస్ గుర్తులా నాలుగు రెక్కలు, మధ్యలో వర్క్‌హౌస్ నడిపే మాస్టర్ నివాసం, దాని కిటికీల్లోంచి అన్ని దొడ్లమీదా నిఘా. మగవాళ్లు, ఆడవాళ్లు, మగపిల్లలు, ఆడపిల్లలు అందరూ వేర్వేరుగా. మన వాస్తు పండితులు ఈశాన్యం దగ్గరే ఆగిపోయారు. ఎవరు ఎవరి కంట పడకూడదో లెక్కగట్టి గోడలు లేపడం కెంప్‌థార్న్‌కే చెల్లింది.

హాంప్‌షైర్‌లో ఆండోవర్ వర్క్‌హౌస్ ఆ నమూనాయే. అక్కడివాళ్ల పని ఎరువు కోసం ఎముకలు పిండి కొట్టడం. ఆకలికి తాళలేక ఆ ఎముకల్లోని మూలుగ పీక్కుతింటున్నారని 1845లో బయటపడింది. పార్లమెంటు విచారణ జరిపింది, 1847లో ఈ వర్క్‌హౌస్‌లపై పెత్తనం చేసే పేదల చట్టం కమిషన్నే ఎత్తేశారు. అంతా దాన్ని కుంభకోణం అన్నారు. నన్నడిగితే, భవనం తన డ్యూటీ తాను చేసింది.

ఇదే సిద్ధాంతం ధాత కరువులో మనవాళ్ల దగ్గరికీ వచ్చింది. 1877లో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనుల కూలిని మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణాకు దించారు. మనకు గోడల ఖర్చు కూడా పెట్టలేదు.

ఇప్పుడు ఆండోవర్ భవనంలో సంసారాలు కాపురం ఉంటున్నాయి. ఇంగ్లండ్‌లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. మనుషుల్ని విడదీసిన గోడ ఇప్పుడు ప్రైవసీ, కాపలా గేటు ఇప్పుడు సెక్యూరిటీ. అప్పట్లో చేతిలో చిల్లిగవ్వ లేదని వర్క్‌హౌస్‌ను చూసుకునే గార్డియన్ల బోర్డును నమ్మిస్తేనే లోపలికి రానిచ్చేవాళ్లు. ఇప్పుడు ఉందని బ్యాంకును నమ్మించాలి. కూలీ మాత్రం లోపలికి రాలేడు. ఆ మేరకు కెంప్‌థార్న్ గారి పరువు నిలిచింది.

మిగతాదే నా బాధ. వారసత్వ కట్టడంగా ప్రభుత్వ జాబితాకెక్కిన ‘లిస్టెడ్’ భవనమైతే కిటికీ చట్రం మార్చాలన్నా అనుమతి తీసుకోవాలంటారే, మరి లోపలి మనుషుల విషయంలో ఈ విచ్చలవిడితనమేంటి? వారసత్వమంటే ఇటుకలేనా? పొద్దున్నే గంట కొట్టాలి, గంజి పోయాలి. భర్త ఒక రెక్కలో, భార్య ఇంకో రెక్కలో ఉండాలి, ఈఎంఐ మాత్రం కలిసి కట్టుకోవచ్చు. పిల్లల్ని చూడాలనిపిస్తే మాస్టర్‌కి అర్జీ పెట్టుకోవాలి.