ఉన్నోడు తినడు సరే, లెక్క అడిగేదెలా?

"ఆయనకేం తక్కువండీ, ఇక్కడికొచ్చి తినాల్సిన ఖర్మేంటి?" 2024 ఎన్నికలప్పుడు గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్‌లో టీ కొట్టు దగ్గర, మా ఎంపీ అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ గురించి ఒకాయన అన్న మాట ఇది. గ్లాసులో మిగిలిన టీ రోడ్డు మీద చిమ్మి, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు బండి స్టార్ట్ చేశాడు.

పెమ్మసాని చంద్రశేఖర్ కథ మావాళ్లకు నోటికొచ్చు. తెనాలి దగ్గర బుర్రిపాలెం, ఉస్మానియాలో ఎంబీబీఎస్, ఆపైన అమెరికా. అక్కడ డాక్టరు కావాలంటే రాయాల్సిన యూఎస్‌ఎంఎల్‌ఈకి ప్రశ్నలూ వివరణలూ తయారుచేసి అమ్మడంతో పెరిగిన కంపెనీ, ఆయన పెట్టిన యూవరల్డ్. కోచింగ్‌ల మీద బతికే ఊరికి ఈ వ్యాపారం ఇట్టే అర్థమైంది. అఫిడవిట్‌లో కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైచిలుకు. వెయ్యి కోట్లు దాటిన అప్పూ చూపించారు గానీ దాని ఊసు టీ కొట్ల దగ్గర రాదు. 3.44 లక్షల మెజారిటీతో గెలిచి కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు.

'ఉన్నోడు తినడు' అన్నదాంట్లో కొంత నిజముంది. కానీ ఉన్నోడి వ్యాపారం ఇక్కడుంటే, అతని జుట్టు అధికారంలో ఉన్నోళ్ల చేతికి దొరుకుతుంది కూడా. పెమ్మసానికి ముందు పదేళ్లు మా ఎంపీ గల్లా జయదేవ్, ఆయనా ఉన్నోడే. 2021లో చిత్తూరు జిల్లాలోని ఆయన కుటుంబ కంపెనీ అమరరాజా బ్యాటరీ ప్లాంట్లు మూసేయాలని కాలుష్య నియంత్రణ మండలి ఆదేశిస్తే హైకోర్టు ఆపింది. కాలుష్యం సంగతి ఎలా ఉన్నా, 2024 జనవరిలో ఆయన రాజకీయాలకు సెలవు చెప్పేశారు. పెమ్మసాని యూవరల్డ్ మాత్రం టెక్సాస్‌లో ఉంది. అమరావతిలో ఎవరు కూర్చున్నా దాని జోలికి పోలేరు. ఆ ధీమా చిన్నదేం కాదు.

నా గుబులు ఉన్నోడు సొంత జేబులోంచి చేసే దానం దగ్గర. న్యూయార్క్ మేయర్‌గా మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఏడాదికి ఒక్క డాలరే జీతం తీసుకున్నారు. ఆ ఊళ్లో సేవా సంస్థలకు ఆయన సొంత డబ్బు ధారాళంగా ఇచ్చేవారు. 2008లో మూడోసారి పోటీకి అడ్డొచ్చిన నిబంధన మార్చాల్సి వచ్చినప్పుడు, ఆ డబ్బు అందుకున్న సంస్థల మద్దతునే ఆయన మనుషులు కోరారని అప్పట్లో పత్రికలు రాశాయి. తిన్నవాళ్లు కాదనగలరా?

గుంటూరుకు దానం కొత్తేం కాదు. ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో పొదిల ప్రసాద్ బ్లాకు వెనక అమెరికాలో స్థిరపడ్డ మా మెడికల్ కాలేజీ పాత విద్యార్థుల విరాళాలున్నాయి. అయితే వాళ్లు ఓట్లు అడగలేదు. అందుకే అక్కడ ఏదైనా పాడైతే సూపరింటెండెంట్‌ మీద అరవడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు, పెమ్మసాని ఆస్తిలో వెయ్యోవంతు కూడా లేదు. జేబులోంచి దానికి పదింతలు తీసిచ్చినా ఆయనకు పెద్ద లోటు ఉండదు. కానీ ఆ 5 కోట్లకు లెక్క అడగొచ్చు. జేబులోంచి ఇచ్చినదానికి అడగబోతే, 'పెట్టిన చేతినే నిలదీస్తావా' అంటారు.

మా ఊళ్లో శంకర్‌విలాస్ వంతెన సంగతే చూడండి. దాదాపు వంద కోట్ల పని, కేంద్రం డబ్బు. డిజైన్ మీద ఊరంతా గొడవ. పెమ్మసాని సొంత డబ్బుతో కట్టిస్తానని ఉంటే ఆ గొడవలో సగమైనా జరిగేదా?

మొన్న అదే కొట్టు దగ్గర అదే పెద్దమనిషి కనిపించాడు. వంతెన పనుల వల్ల చుట్టూ తిరిగి రావాల్సొస్తోందని మండిపడుతున్నాడు. "ఎంపీ ఏం చేస్తున్నట్టు?" అని ఈసారి టీ చల్లారిపోయేదాకా వాదించాడు.