"క్యాన్సర్ కాదుగా" అనేవాళ్లకి

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్లు ఇంకా మండిపోతోంది. నిన్న అమ్మకి సన్నబడిపోయిన అన్నవాహికలో, అంటే తిన్నది గొంతు నుంచి పొట్టలోకి దిగే గొట్టంలో, నాలుగోసారి బెలూన్ పెట్టి వెడల్పు చేయించి తీసుకొచ్చాం. పలకరిద్దామని ఫోన్ చేసిన పిన్ని అన్న మాట ఇది: "క్యాన్సర్ కాదుగా, ఇంక టెన్షన్ ఎందుకే? కాస్త నమిలి తినమను."

నమలడం మంచిదే, డాక్టరూ అదే చెప్పారు. కానీ నమిలితే గొట్టం వెడల్పవుతుందా? దారి 13 మిల్లీమీటర్ల కంటే సన్నబడితే గట్టి ముద్ద పట్టేయడం మొదలవుతుంది. అమ్మకి మొదటిసారి చూసినప్పుడు ఉన్నది 8. ముద్ద ఇరుక్కుంటే నీళ్లు తాగినా దిగదు. ఆ నీళ్లే వెనక్కి వస్తాయి. నోట్లో ఊరిన ఉమ్మి కూడా మింగలేక గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషిని ఎప్పుడైనా చూశారా?

ఏళ్ల తరబడి పొట్టలోని ఆసిడ్ పైకి తన్ని పుండు పడి, అది మానుతూ మచ్చగా మారి, ఆ మచ్చ బిగుసుకుపోయింది. ఒక్కసారే సాగదీస్తే గొట్టం చిరిగిపోవచ్చు. అందుకే విడతకి కొద్ది మిల్లీమీటర్లే. ఇంటికొచ్చాక ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం వస్తాయేమోనని రాత్రంతా కాపలా. ఆసిడ్ తగ్గించే మాత్ర ఆపితే మళ్లీ సన్నబడుతుందన్న భయం ఒకటి. ఇదంతా "ఏమీ కాదు" అట!

అసలు క్యాన్సర్ కాదని తెలిసిందే ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించాక. అంతకుముందు ఏడాదిన్నర ఒక క్లినిక్ చుట్టూ తిరిగాం. "ముద్ద దిగట్లేదు" అని అమ్మ చెప్పిన ప్రతిసారీ గ్యాస్ సిరప్పే రాశారు. మింగుడు పడటం లేదంటే వెంటనే లోపల చూడాలి కదా! పోనీ వాళ్లు బయటివాళ్లు. మనవాళ్ల సంగతేమిటి? బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి వెళ్తే, "అందరి ముందూ ఏమిటీ నాటకాలు" అన్నది ఎవరో నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నుంచి అమ్మ ఎవరితోనూ కలిసి కూర్చుని తినలేదు. వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కతే తింటుంది.

పిన్నీ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఈసారి ఫోన్ చేస్తే ఈ రోజు ఎన్ని ముద్దలు దిగాయో అడుగు. అమ్మ లెక్క పెట్టుకుంటోంది, చెబుతుంది.