సేఫ్ మోడ్ దీక్షా విరమణ విధానం

కంప్యూటర్‌కు ఒంట్లో బాగాలేదని చెప్పగానే తెలిసినవారు ఇచ్చే మొదటి సలహా "సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి చూడండి" అన్నదే. వీధి చివరి కొట్టుకు వెళ్ళి ఉప్పు పొట్లం తెమ్మన్నంత తేలికగా చెబుతారు. నిజానికి అదొక దీక్ష. దీక్ష పట్టిన విండోస్ నల్లని తెర ధరిస్తుంది, నోరు మెదపదు, అలంకారాలన్నీ తీసి పక్కన పెడుతుంది, ప్రాణం నిలవడానికి కావలసిన కొద్దిపాటి డ్రైవర్లతోనే, అంటే పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్లతోనే, రోజు గడుపుతుంది. మామూలు సేఫ్ మోడ్ అయితే వైఫై ద్వారా లోకంతో పలకరింపులు కూడా ఉండవు. తెర నాలుగు మూలలా "సేఫ్ మోడ్" అని రాసుకొని దిగ్బంధనం సైతం చేసుకుంటుంది. అంతటి నిష్ఠను ఒక ప్రింటర్ గొడవ కోసం వాడుకోవాలనుకోవడం నా అపచారమే.

పూర్వకాలంలో, అంటే విండోస్ 7 రోజుల వరకూ, దీక్షాస్వీకారం సర్వజనులకూ అందుబాటులో ఉండేది. యంత్రం ఒళ్ళు విరుచుకొని లేచేలోగా ఎఫ్8 మీటను టకటకా కొడుతూ కూర్చుంటే సరిపోయేది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి యంత్రం ఎంత చురుగ్గా నిద్రలేవడం నేర్చిందంటే, ఎఫ్8 నొక్కడానికి మిగిలే వ్యవధి 200 మిల్లీసెకన్లకన్నా తక్కువని దాన్ని తయారుచేసినవారే చెప్పుకున్నారు. ఇంత సూక్ష్మమైన ముహూర్తం ఏ పంచాంగకర్తా పెట్టి ఎరగడు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకైనా ఫోటోగ్రాఫర్ అడ్డొచ్చి సర్దుకునేంత తీరిక ఉంటుంది.

అందుచేత కొత్త మార్గం వేశారు. షిఫ్ట్ మీట పట్టుకొని రీస్టార్ట్ నొక్కాలి. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని లోపల స్టార్టప్ సెట్టింగ్స్. ఆ గర్భగుడిలోకి చేరాక అక్కడ మళ్ళీ రీస్టార్ట్ బటనే దర్శనమిస్తుంది. అది నొక్కి, యంత్రం మరోసారి పడి లేచాక, 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌వర్క్ సౌకర్యంతో కూడిన సేఫ్ మోడ్. రీస్టార్ట్ బటన్ చూపించగలిగేంత ఆరోగ్యం ఉన్న రోగికే ఈ ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుందన్నది గమనించవలసిన విశేషం. లేవలేని రోగికి వేరే పద్ధతి ఉంది: అది లేవబోతున్న ప్రతిసారీ పవర్ బటన్ నొక్కిపట్టి పీక నులమాలి. రెండు మూడుసార్లు అలా చేస్తే, తనకేదో అయిందని దానికే అనుమానం వచ్చి రిపేరు గదిలోకి వెళుతుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఇదంతా చాదస్తంగా తోచింది. "మామయ్యా, అంత చుట్టు తిరగడం ఎందుకు? రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టి, బూట్ అన్నచోట సేఫ్ బూట్‌కి టిక్ పెట్టు, చాలు" అన్నాడు. పెట్టాను. షిఫ్ట్ మార్గంలో పట్టింది ఒక్కపూట దీక్ష, ఒక్క రీస్టార్ట్‌తో ముగుస్తుంది. టిక్ పెట్టి పట్టింది మాత్రం ఆ టిక్‌ను మన చేత్తో తీసేదాకా ఎన్నిసార్లు ఆపి వేసినా వదలదు. ఈ రెండో ముక్క చెప్పేలోగా వాడికి మీటింగ్ వచ్చింది. అభిమన్యుడి విషయంలో తల్లికి నిద్ర వచ్చినట్టే.

లోపలికి వెళితేగదా టిక్ తీయడం! గుమ్మం దగ్గరే యంత్రం నా నాలుగంకెల పిన్ తీసుకోనని, పాస్‌వర్డ్ కావాలని పట్టుబట్టింది. ఆ పాస్‌వర్డ్ ఆరేళ్ళ క్రితం గోడ క్యాలెండర్ వెనక రాసుకున్నాను. ఆ క్యాలెండర్ పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళిపోయింది. ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాను కానీ, దీక్షలో ఉన్నవారికి ఇంటర్నెట్ లేదు గనుక ఆ వార్త దానికి చేరలేదు. రాత్రి మేనల్లుడు మళ్ళీ దొరికి, రిపేరు గదిలో ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ గుండా పోదామన్నాడు. అక్కడ డిస్కుకు తాళం వేసి కాపలా కాసే బిట్‌లాకర్ ఎదురై 48 అంకెల తాళంచెవి అడిగింది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనమని నవ్వుకునేవారు 2024 జూలై 19ని తలచుకోవాలి. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ దెబ్బకు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసి చతికిలబడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. చికిత్స ఏమిటయ్యా అంటే, యంత్రం యంత్రం దగ్గరికీ మనిషి నడిచివెళ్ళి, సేఫ్ మోడ్‌లోకి దిగి, ఒక్క ఫైలు చెరిపి రావడం. వారిలో చాలామందిని కూడా ఇదే బిట్‌లాకర్ గుమ్మంలో నిలబెట్టి ఇవే 48 అంకెలు అడిగింది. నేను ఒంటరివాణ్ణి కాదని తెలిసి కొంత స్థిమితపడ్డాను.

అంకెలు నా ఆన్‌లైన్ ఖాతాలో దొరికాయి. ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. నేను ఫోన్‌లో చూసి చదువుతుంటే మా ఆవిడ కొట్టింది. తర్వాత బీసీడీఎడిట్ అనే ఆజ్ఞలో సేఫ్‌బూట్ అన్న మాటను చెరిపేయమని రాయాలి. "మీసాల బ్రాకెట్, మామయ్యా, వంకర మీసాలది" అని వాడు అరుస్తుంటే, పి అక్షరం పక్కన ఆ మీసాలను వెతికి పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. యంత్రం రంగు రంగుల తెరతో లేచి నిలబడింది. సేఫ్ మోడ్‌లో ప్రింటింగ్ అసలే పనిచేయదని, చాలా సాఫ్ట్‌వేర్లను తీసేసే ఇన్‌స్టాలర్ సేవ కూడా అక్కడ నడవదని మేనల్లుడు అప్పుడు గుర్తుచేసుకున్నాడు. ప్రింటర్ ఎప్పటిలాగే ఉంది. కాగితాలు జిరాక్స్ షాపులో తీయించుకున్నాను.

ఆ 48 అంకెలను మాత్రం కొత్త క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో ఎనిమిది వరుసల్లో రాసిపెట్టాను. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ దాని ముందు నిలబడి, "పాలవాడు నెలకు ఇంత వేశాడేమిటండీ?" అని అడిగింది.