పెన్ డ్రైవ్ నాట్యం: దుబాయ్ నుంచి కైరో దాకా

దుబాయ్ ఎడారి క్యాంపులో బెల్లీ డాన్స్ మంచి ఊపులో ఉండగా పాట ఆగిపోయింది. స్పీకర్లు ఒకసారి గరగరమన్నాయి, అంతే. డాన్సర్ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. రెండు క్షణాలు చూసి మెల్లగా దించేసింది. నడుం మీద చెయ్యి వేసుకుని, సౌండ్ సిస్టం దగ్గరున్న కుర్రాడి వైపు తిరిగింది. అతను లాప్‌టాప్‌లోంచి పెన్ డ్రైవ్ పీకి మళ్లీ పెట్టాడు. పాట మొదట్నుంచీ వచ్చింది. ఆమె కూడా మొదట్నుంచీ మొదలుపెట్టింది. అదే నవ్వు, అదే తిరుగుడు, అదే చోట జుట్టు విసరడం.

"రేయ్, ఇది మనూరి రికార్డింగ్ డాన్సేరా" అన్నాడు శ్రీను. అందరం పడీ పడీ నవ్వాం. అప్పుడు జోకనుకున్న మాట రెండేళ్ల తర్వాత కైరో వెళ్లొచ్చాక నాకు జోకులా అనిపించడం లేదు.

ఆ రాత్రి క్యాంపులో మేం ఐదుగురం. నేను, శ్రీను, వాళ్లావిడ లత, షార్జాలో ఉద్యోగం చేసే మా కాలేజీ ఫ్రెండ్ సలీం, చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకుని తర్వాత బ్యాంకు పరీక్షల్లో పడి వదిలేసిన రమణ. డెజర్ట్ సఫారీ అంటే ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. ఇసుక దిబ్బల మీద ల్యాండ్ క్రూజర్‌లో కడుపులో తిప్పేదాకా ఎక్కించి దించుతారు. ఒంటె మీద నాలుగడుగులు, చేతికి మెహందీ, ప్లేటులో కబాబులు. చివర్లో గిరగిరా తిరుగుతూ ఆడే తనూరా, నిప్పులాట, బెల్లీ డాన్స్. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆ సౌండ్ కుర్రాడు ఖాళీ దొరకగానే వచ్చాడు. "మనోళ్లేనా అన్నా? ఏ ఊరు?" అతనిది జగిత్యాల దగ్గర పల్లె. "దినాం ఇదే పాట అన్నా, నిద్రల గూడ ఇదే ఇనబడ్తది" అన్నాడు.

గల్ఫ్‌లో కూర్చుని చూస్తాం కాబట్టి ఇది గల్ఫ్ నాట్యమనే మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఎమిరేట్స్ వాళ్ల సొంతది అల్ అయ్యాలా. మగవాళ్లు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి, సన్నటి వెదురు కర్రలు పట్టుకుని, డప్పుల దెబ్బకి తలలూ భుజాలూ ఊపుతూ పాడతారు. ఒమన్‌తో కలిపి 2014లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. బెల్లీ డాన్స్ పుట్టిల్లు ఈజిప్టు. అక్కడ దాన్ని రక్స్ షర్కీ అంటారు, తూర్పు నాట్యమని అర్థం. దుబాయ్ క్యాంపుల్లో ఆడేవాళ్లు ఎక్కువగా తూర్పు యూరప్ నుంచో లాటిన్ అమెరికా నుంచో వచ్చిన అమ్మాయిలు. ఈజిప్టు నాట్యం, ఎక్కడిదో నర్తకి, జగిత్యాల సౌండ్ ఆపరేటర్, మన ఐటీ టూరిస్టులు. రంజాన్ నెలలో ఆ ఐటం ప్రోగ్రాంలోంచి తీసేస్తారు.

కైరోలో మేం ఎక్కింది కూడా టూరిస్టు పడవే. నైలు మీద రెండు గంటలు, బఫే భోజనం, నడుమ ఆట పాట. గొప్పగా ఊహించుకోవద్దు. వాద్యబృందం అంటే ఒక కీబోర్డు, ఒక వయొలిన్, రిక్ అనే చిన్న కంజిరలాంటిది, ఒక తబలా. ఇక్కడ తబలా అంటే మనది కాదు. గ్లాసు ఆకారంలో ఉండే ఒంటి మూతి వాద్యం, ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు. దర్బుకా అన్నా అదే. వాయించేది యాభై దాటిన మనిషి, బొజ్జ, నలిగిన నల్ల కోటు. డాన్సర్ వచ్చేముందు అతను చర్మాన్ని బల్బు దగ్గర పెట్టి వేడి చేసుకుని, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రమణ నా మోచేతి మీద పొడిచి "చూడు, శ్రుతి చూసుకుంటున్నాడు" అన్నాడు. అప్పటిదాకా బిర్యానీ లేదని గొణుగుతున్నవాడు ఇక ప్లేటు వైపు చూడలేదు.

డాన్సర్ పొట్ట మీద ఒంటి రంగు వల గుడ్డ ఉంది. పొట్ట బయటికి కనబడకూడదన్న నిబంధన ఈజిప్టులో చాలాకాలంగా ఉంది. అసలు బెల్లీ అనే పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఆటంతా తుంటిలో ఉంది. తబలాలో రెండు ప్రధానమైన దెబ్బలు: నడిమధ్య కొడితే దుమ్, అంచు మీద కొడితే తెక్. మక్సూమ్ అనే తాళం దుమ్ తెక్, తెక్ దుమ్, తెక్ అని నడుస్తుంది. దుమ్ పడిన చోట తుంటి కిందకి దిగుతుంది. వయొలిన్ ఒక్కటే సాగదీసి వాయిస్తుంటే కాళ్లు నిలిచిపోయి చేతులూ ఛాతీ మాత్రమే కదులుతాయి. కానూన్ అనే తీగల వాద్యం ఉన్న పెద్ద బృందంలో ఆ తీగల వణుకుకి ఒళ్లు కూడా అలాగే వణకాలి. అంటే డాన్సర్ తను విన్నదాన్ని ఒంటితో చూపిస్తోంది. చెవిటివాడికి కూడా పాట వినిపించేటట్టు ఆడాలన్నమాట.

చివర్లో కీబోర్డూ వయొలినూ ఆగిపోయాయి. తబలా ఒక్కటే మిగిలింది. మన కచేరీల్లో తని ఆవర్తనం లాంటిదే, ఎటొచ్చీ ఇక్కడ ఘటం బదులు నడుము. అతను ఒక జతి వేస్తాడు, ఆమె జవాబు చెబుతుంది. ఒకచోట అతను కావాలనే ఒక దెబ్బ మింగేశాడు. దెబ్బ పడుతుందనుకున్న చోట నిశ్శబ్దం. ఆమె తుంటి సగం దిగి ఆగిపోయింది, నవ్వేసింది, వేలు చూపించి అతన్ని బెదిరించింది. పక్క బల్లలో కైరో కుటుంబం ఒకటి, ముసలావిడతో సహా, "ఐవా!" అని అరిచింది. ఔనని అర్థం, మన "శభాష్" పడే చోటే పడుతుంది. రమణ అప్పటికే తొడ మీద తాళం వేస్తున్నాడు. నేను ఫోను తీయడం మర్చిపోయానని హోటల్‌కి వెళ్లాక గుర్తొచ్చింది. దుబాయ్ క్యాంపులో తీసిన వీడియోలు మాత్రం నా దగ్గర పద్నాలుగున్నాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. వాయించే మనిషిని పక్కకి తప్పిస్తే నాట్యంలో మిగిలేది ఒళ్లొక్కటే. పెన్ డ్రైవ్ దెబ్బ మింగదు, ఆమె నవ్వితే ఆగదు, అలిసిపోతే నెమ్మదించదు. అక్కడ చూడ్డానికి ఇంకేం ఉండదు కాబట్టి మనం ఒళ్లే చూస్తాం. తర్వాత "అసభ్యంగా ఉంది" అని మనమే అంటాం.

ఈ తప్పించడం ఇవాళ్టిది కాదు. 1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ నర్తకుల్ని కైరో నుంచి దక్షిణాదికి, కెనా, ఎస్నా, అస్వాన్ ఊళ్లకి వెళ్లగొట్టాడు. నాట్యం ఆగలేదు. కైరోలో ఆ ఖాళీలోకి ఆడవేషం కట్టిన మగవాళ్లు వచ్చారు. ఎస్నాకి యూరప్ యాత్రికులు వెతుక్కుంటూ వెళ్లారు. వాళ్లలో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ ఒకడు. 1850లో కుచుక్ హానెం అనే నర్తకి దగ్గరికి వెళ్లాడు. బట్టలు విప్పుతూ చేసే ఒక ఆట మొదలయ్యేముందు, వాయించే కుర్రాడి కళ్లకి నల్ల గుడ్డ వేశారు, ముసలి వాద్యగాడి తలపాగా మడత దించి అతని కళ్లు కప్పేశారు. ఫ్లోబేర్ రాసుకున్నదే ఇది. వాయించేవాడికి నర్తకి కనబడదు, డబ్బిచ్చినవాడికి పాటతో పనిలేదు. ఈ నాట్యం బయటి ప్రపంచానికి ఎలా చేరిందో చెప్పడానికి నాకింతకన్నా సూటి దృశ్యం దొరకలేదు.

1893 షికాగో ప్రపంచ ప్రదర్శనతో ఈ నాట్యానికి అమెరికాలో పేరొచ్చింది. అక్కడి వినోదాల విభాగం నడిపిన సోల్ బ్లూమ్ విలేకరుల ముందు పియానో మీద ఒక వరస అప్పటికప్పుడు కట్టి వాయించానని తర్వాత చెప్పుకున్నాడు. కార్టూన్లలో పాములవాడు బుట్ట తెరవగానే వచ్చే ట్యూన్ అదే. అతని మాటే నిజమైతే నాట్యం కైరోది, పాట షికాగోది!

కైరోలో మాత్రం కథ ఇంకోలా నడిచింది. 1926లో బదియా మసాబ్నీ అనే ఆవిడ అక్కడ నాట్యశాల తెరిచింది. పెళ్లి వాకిళ్లలో ఒకే చోట నిలబడి ఆడే ఆటని స్టేజీ మీదకి తెచ్చి, వెనక పెద్ద వాద్యబృందాన్ని కూర్చోబెట్టింది. తహియా కారియోకా, సామియా గమాల్ అక్కణ్నుంచి వచ్చినవాళ్లే. సామియా స్టేజీ అంతా కలియదిరిగే మనిషి. తహియా ఎక్కువ కదలకుండానే సభని పట్టేసేదని పేరు. ఒకే పాటకి ఇద్దరు నర్తకులు రెండు రకాలుగా ఆడతారంటే అది వాళ్ల వినికిడిలో తేడా.

ఇప్పుడు మన సంగతి. గోదావరి జిల్లాల్లో, తరతరాలుగా ఆడిపాడే కళావంతుల మేజువాణి అని ఒకటుండేది. నర్తకే పదం పాడుతూ అభినయం పట్టేది, పక్కన మృదంగం, తాళం. ఒక్క జావళి పల్లవిని పదిసార్లు పది అర్థాల్లో చెప్పేవారట. వీరేశలింగం గారి కాలం నుంచి ఈ బోగం మేళాలకి వ్యతిరేకంగా ఉద్యమం నడిచింది. 1947లో దేవదాసీ విధానాన్ని నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని దేవుడి పేరు చెప్పి అంకితం చేసే దుర్మార్గం ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆపినవాళ్లు అంకితాన్నీ అభినయాన్నీ ఒకే గాటన కట్టేశారు. పాడే గొంతూ మృదంగమూ ఇంటికెళ్లిపోయాయి, చూసే కళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ కళ్ల కోసం సంక్రాంతి కోడిపందేల పక్కన రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. పేరులోనే ఉంది చూడండి: రికార్డు వేస్తే ఆడేది. మేజువాణి నుంచే ఇది నేరుగా పుట్టిందని నేననను. ఖాళీ అయిన చోట వచ్చి కూర్చుందంటాను. ప్రతి పండక్కీ పోలీసులు అనుమతి లేదంటారు, ప్రతి పండక్కీ అర్ధరాత్రి దాటాక స్పీకర్లు మోగుతూనే ఉంటాయి.

దుబాయ్‌లో మేం పెట్టుకుని వెళ్లింది ఆ కళ్లే. లత ఈ మాట కైరోలో అంది. "అక్కడ మీరు ఆవిణ్ని చూస్తున్నారు, నేను మిమ్మల్ని చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఆ గొడవే లేదు, నేనూ ఆవిణ్నే చూశాను." శ్రీను ఏదో అనబోయి ఊరుకున్నాడు.

లైవ్ వాద్యం ఉంటే నర్తకికి గౌరవం కూడా వచ్చేస్తుందా? రాదు. ఈజిప్టులో పెళ్లి ఊరేగింపుకి ఆమె కావాలి, కోడలిగా మాత్రం వద్దు. 2018లో గోహరా అనే పేరుతో ఆడే రష్యన్ డాన్సర్‌ని డ్రెస్సు సంగతి మీద కైరోలో అరెస్టు చేశారు. 2020లో సమా అల్ మస్రీ అనే డాన్సర్‌కి టిక్‌టాక్ వీడియోల మీద కోర్టు మూడేళ్ల జైలు వేసింది. ఇంత మంచి సంగీతం ఉన్న ఊళ్లోనూ పరిస్థితి ఇది. మన మేజువాణి రోజుల్లోనూ సభలో శాలువా కప్పినవాడు పగటిపూట ఆమెని పలకరించేవాడు కాదు. సంగీతం ఆ పని చెయ్యలేదు. ఆ గంటసేపు మన చూపుకి ఇంకో పని చెబుతుంది, అంతే. నాకు అదే పెద్ద సంగతిగా కనిపిస్తోంది.

ఖర్చు సంగతి కూడా ఉంది. నలుగురు వాద్యగాళ్లంటే నాలుగు జీతాలు, నాలుగు వీసాలు. పెన్ డ్రైవ్‌కి వీసా అక్కర్లేదు. కైరో పడవల్లోనే వయొలిన్ తగ్గి కీబోర్డు మీదకి పోతోంది, క్యాంపు వాణ్ని ఏమంటాం?

మొన్న మా బావగారి కుటుంబం దుబాయ్ వెళ్తుంటే ఎడారి ప్యాకేజీ నన్నే మాట్లాడమన్నారు. ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేసి ఒంటె, భోజనం, పికప్ అన్నీ అయ్యాక అడిగాను: "డాన్స్‌కి లైవ్ మ్యూజిక్ ఉంటుందాండీ?"

అవతల ఒక్క క్షణం ఆగాడు. "లైవ్ ఎందుకు సార్, డీజే ఉంటుంది. సౌండ్ ఇంకా బాగా వస్తుంది."