ఎలుగుబంటికి ఉన్నపాటి సౌకర్యాలు

అమెరికాలో సెటిలవడం ఎలా అన్న ప్రశ్నకు మనవాళ్లు ఏళ్ల తరబడి తప్పు జవాబే రాస్తున్నారు. జీఆర్‌ఈ, ఎమ్మెస్, హెచ్‌వన్‌బీ అంటూ క్యూలో నిలబడుతున్నారు. నార్త్ కరోలినాలోని ఆషెవిల్ ఊళ్లో నల్ల ఎలుగుబంట్లు ఇవేవీ లేకుండానే సెటిలయ్యాయి. కొన్ని ఏకంగా ఇళ్ల నేలకింది ఖాళీలో దూరి చలికాలమంతా పడుకుంటాయి. అద్దె లేదు, అడ్వాన్సు లేదు.

2014లో ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ కలిసి వీటి సంగతి తేల్చడానికి పూనుకున్నాయి. తేలిందేమిటంటే, ఏడాది వయసు ఆడ ఎలుగు అడవిలో సగటున 24 కిలోలుంటే, ఊళ్లోది 45. పరిశీలించిన ఊరి ఎలుగుల్లో సగానికి పైగా రెండేళ్లకే తల్లులయ్యాయి. వచ్చిన ఏడాదికే ఒళ్లు చేయడంలో మన పిల్లలూ తక్కువేం కాదు గానీ, పెళ్లి దగ్గరే వెనకబడుతున్నారు.

మా అక్క కొడుకు వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్ చేశాడు. (కంప్యూటర్లు ఎందుకు చదవలేదని నన్నడక్కండి, మా బావ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.) ఇప్పుడు వేరే ఊళ్లో ఇలాంటి పరిశోధనలోనే వాలంటీర్ ఫీల్డ్ టెక్నీషియన్. ప్రకటన నాకు చూపించాడు. డిగ్రీ ఉండాలి, సొంత కారు ఉండాలి, పాతిక కిలోలు ఎత్తగలగాలి, దోమల్లోనూ వానలోనూ నవ్వుతూ పనిచేయాలి. జీతం బదులు అనుభవం ఇస్తారట. దాన్ని ఏ బ్యాంకులో వేసుకోవాలో మాత్రం రాయలేదు. అయినా చేరక తప్పలేదు. ఓపీటీలో, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే గడువులో, ఖాళీగా ఉండటానికి ఇచ్చేది 90 రోజులే. చదువుకు సంబంధించిన పని వారానికి 20 గంటలు చేస్తే, పైసా రాకపోయినా ఉద్యోగం కిందే లెక్క. ప్రభుత్వం దృష్టిలో మావాడు ఉద్యోగస్తుడు. ఇంటి ఓనరు దృష్టిలో ఇంకా కాలేదు.

పని కష్టమేమీ కాదు. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి, ఎలుగులకు తిండి దొరకనివ్వకండి, పక్షులకు గింజలు పెట్టే డబ్బాలు తీసేయండి, చెత్తడబ్బా రాత్రిపూట బయట పెట్టకండి అని నచ్చజెప్పాలి. సాయంత్రం అదే వీధిలో, తూములాంటి ఇనప బోనులో నిన్నటి డోనట్లు పెట్టి రావాలి. ఇందులో వైరుధ్యం చూసేవాళ్లకు సైన్సు తెలియదని నా అభిప్రాయం.

ఎలుగు పడ్డాక అసలు వైభవం మొదలవుతుంది. మత్తిచ్చి, కళ్లు ఎండిపోకుండా మందు రాసి, గంతలు కడతారు. బరువు తూస్తారు, రక్తం తీస్తారు. చిన్న దవడపన్ను ఒకటి పీకి ల్యాబుకు పంపిస్తారు. దాన్ని కోసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలుంటాయి, వాటిని బట్టి వయసు చెబుతారు. అమెరికాలో ఇన్సూరెన్సు కార్డు అడక్కుండా పన్ను పీకించుకున్న ప్రాణిని నేను ఇంకొకదాన్ని ఎరగను. మెడకు జీపీఎస్ పట్టీ కూడా ఉచితమే. ఈ తంతు నడుస్తున్నంతసేపూ మావాడు వెనకవైపు మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కడ పెట్టాలో అక్కడ థర్మామీటరు పెట్టి పట్టుకుంటాడు. మత్తులో ఉన్నది కాబట్టి ఒంటి వేడి మాటిమాటికీ చూడాలి. రెండేళ్ల ఎమ్మెస్, నలభై లక్షల అప్పు, చివర్లో ఆ థర్మామీటరు.

పోయిన నెల మావాడికే 102 జ్వరం వచ్చింది. ఎవరూ చూడలేదు. పన్నునొప్పి ఉంది, ఇండియా వచ్చినప్పుడు చూపించుకుంటానన్నాడు. అందుకే నా సూచన ఒకటే: టెక్నీషియన్లను కూడా వారానికోసారి బోనులోకి రానివ్వాలి. డోనట్లు ఎటూ ఉన్నాయి.

మొన్న అక్క గుంటూరు నుంచి ఫోన్ చేసింది.

"ఒరేయ్, వాడి ఉద్యోగం ఎలా ఉందిరా?"

"మెడికల్ లైనే అక్కా. టెంపరేచర్లు చూస్తున్నాడు."

"ఎవరికి?"

చెప్పాల్సి వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు నీకు జడుపు జ్వరమొస్తే, ఎలుగ్గొడ్డును ఆడించేవాడి దగ్గర వెంట్రుక తీసుకుని నాన్న తాయెత్తు కట్టించలా? వాణ్ణి రెండు వెంట్రుకలు పంపమను. పక్కింటి పసివాడు రాత్రుళ్లు ఉలిక్కిపడుతున్నాడు" అంది.

మావాడికి చెప్పాను.

"కుదరదు మావయ్యా. ప్రతి వెంట్రుకా కవర్లో పెట్టి నంబరేసి డీఎన్ఏ పరీక్షకు పంపాలి" అన్నాడు. కావాలంటే ఈమధ్య తన జుట్టే తెగ రాలుతోందట, అది పంపిస్తానన్నాడు.